ప్రశ్న మీది, జవాబు మాది: పిండి పురుగూ దాని చుట్టపక్కాలూ

ఈ నెల శీర్షిక మొత్తం టెనెబ్రియోనిడే అనే ఒకే పెంకు పురుగుల కుటుంబానికి ఇచ్చాం. రవ్వ డబ్బాలో తిరిగే ఎర్ర పురుగు, కోళ్ల షెడ్డు ఊకలో పాకే నల్ల పురుగు, ఆఫ్రికా ఎడారిలో తలకిందులుగా నిలబడే పురుగు అన్నీ ఈ ఇంటివే. ఇప్పటిదాకా పేరు పెట్టిన జాతులే 20 వేలకు పైన ఉన్నాయి. విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల నుంచి వచ్చిన ప్రశ్నలను ఇక్కడ తీసుకున్నాం.

ప్రశ్న: కెన్యాలో థర్మోకోల్ తినే కొత్త జాతి పురుగు దొరికిందని చదివాను. దాని పేరేమిటి? తెచ్చి పెంచితే మా అపార్ట్‌మెంటులో పేరుకుపోయే థర్మోకోల్ బెడద వదులుతుందా? (పటమట, విజయవాడ)

జవాబు: ముందు పేరు సంగతి. నైరోబీలోని ‘ఇసిపె’ అనే అంతర్జాతీయ కీటక పరిశోధన కేంద్రం 2024లో ఆ ఫలితాలు అచ్చేసేనాటికి దానికి సొంత పేరు లేదు. ఆల్ఫిటోబియస్ ప్రజాతికి (దగ్గరి జాతుల గుంపుకు) చెందిన పురుగు లార్వాలు పాలీస్టైరీన్‌ను, అంటే మనం థర్మోకోల్ అనేదాన్ని, నమిలి కొంత అరిగించుకుంటున్నాయన్నది వాళ్లు చెప్పిన మాట. అది ఆల్ఫిటోబియస్ డయాపెరినస్‌లో ఒక ఉపజాతి కావచ్చన్నది వాళ్ల అనుమానం. ఉపజాతి కావచ్చన్న అనుమానం పత్రికలకు ఎక్కేసరికి ‘కొత్త జాతి’ అయిపోయింది. కొత్త జాతి అనాలంటే దాటాల్సిన మెట్లు చాలా ఉన్నాయి. తర్వాతి ప్రశ్నలో వాటిని చెప్పాం.

ఇక తిండి లెక్క. ఆ ప్రయోగం సుమారు నెల రోజులు సాగింది. తవుడూ థర్మోకోలూ కలిపి పెట్టిన లార్వాలు మొత్తం పాలీస్టైరీన్‌లో 11.7 శాతం మాత్రమే ఖర్చు చేశాయి. ఉత్త థర్మోకోల్ మీద ఉంచినవి ఇంతకన్నా తక్కువ తిన్నాయి, తక్కువ బతికాయి. అందులో వాటికి పోషణ లేదు మరి.

2015లో స్టాన్‌ఫర్డ్, బీజింగ్ పరిశోధకులు ఇదే కుటుంబంలోని టెనెబ్రియో మోలిటర్ మీద, అంటే మీల్‌వార్మ్ మీద, చేసిన కొలతలు ఇంకా స్పష్టంగా ఉంటాయి. 100 లార్వాలు రోజుకు 34 నుంచి 39 మిల్లీగ్రాములు తిన్నాయి. ఈ లెక్కన కిలో థర్మోకోల్‌ను 100 లార్వాలు తినాలంటే 70 ఏళ్లు దాటుతుంది. నెలలో పూర్తి చేయాలంటే ఇంచుమించు 90 వేల లార్వాలు కావాలి. కిలో అంటే చిన్న సంగతిలా ఉంటుంది కానీ, ప్యాకింగ్ థర్మోకోల్ కిలో ఇంచుమించు మూడు 20 లీటర్ల వాటర్ క్యాన్లంత చోటు ఆక్రమిస్తుంది. తిన్నదాంట్లో కూడా సగానికి అటూ ఇటూ కార్బన్ డై ఆక్సైడ్‌గా మారింది, మిగతా సగం సన్నటి రెట్టగా బయటికొచ్చింది. ఆ రెట్టలో ప్లాస్టిక్ తునకలు ఉంటాయి కాబట్టి మొక్కల కుండీల్లో వేయడానికి పనికిరాదు.

శాస్త్రవేత్తలు వెతుకుతున్నది పురుగుల సైన్యం కోసం కాదు. ఆ పురుగు పేగులో థర్మోకోల్‌ను విరగ్గొట్టే బాక్టీరియా ఏవి, అవి స్రవించే ఎంజైములేవి అన్నదే వాళ్ల గురి. 2022లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయం వాళ్లు ఇదే కుటుంబంలోని ‘సూపర్‌వార్మ్’ మీద చేసిన పని కూడా అదే దారిలో సాగింది. విదేశీ పురుగును ప్రాణంతో తేవాలంటే కేంద్ర ప్రభుత్వ క్వారంటైన్ అనుమతి ఉండాలి, కనుక ఆ ఆలోచన మానుకోండి. పైగా ఆల్ఫిటోబియస్ డయాపెరినస్ మన జిల్లాల కోళ్ల షెడ్లలో కావలసినంత ఉంది. దాన్ని వదిలించుకోలేకే జనం అవస్థ పడుతున్నారు.

ప్రశ్న: కొండపల్లి అడవి అంచున రాళ్ల కింద 8 మిల్లీమీటర్ల నల్ల పెంకు పురుగులు కనిపించాయి. నెట్‌లో ఏ ఫొటోతోనూ సరిపోలడం లేదు. కొత్త జాతి అయ్యుండొచ్చా? ఎలా తేల్చుకోవాలి, ఎవరికి చూపించాలి? (డిగ్రీ విద్యార్థి, ఇబ్రహీంపట్నం)

జవాబు: ఫొటోతో కలవకపోవడం రుజువు కాదు. మన దేశపు నల్ల పెంకు పురుగుల్లో ఎక్కువ వాటికి నెట్‌లో ఫొటోయే లేదు. వందేళ్ల కిందట పేరు పెట్టిన జాతిని మీరు తొలిసారి ఫొటో తీసి ఉండొచ్చు. అయినా కొత్తది కాదని ముందే కొట్టిపారేయనక్కర్లేదు. ఈ కుటుంబంలో ఏటా కొత్త జాతులు అచ్చవుతూనే ఉన్నాయి. చాలా రకాలకు పై రెక్కలు అతుక్కుపోయి ఎగరలేవు. ఎగరలేని పురుగు ఒక గుట్టకే పరిమితమై వేరే జాతిగా మారడం ఇక్కడ మామూలే.

ముందు కుటుంబం ఖాయం చేసుకోండి. 10 రెట్ల చేతి భూతద్దం చాలు. ముందు కాళ్ల పాదాల్లో అయిదేసి, మధ్య కాళ్లకు అయిదేసి, వెనక కాళ్లకు నాలుగేసి గణుపులు ఉండాలి. మీసం మొదలు తలపక్క గట్టు కింద దాగి, పైనుంచి చూస్తే కనబడకూడదు. మీసానికి 11 పూసలు. కళ్లు చాలా రకాల్లో ముందువైపు నొక్కు పడి ఉంటాయి. రాళ్ల కింద దొరికే ఇంకో నల్ల పురుగు కారాబిడే కుటుంబానిది. దానికి అన్ని పాదాలకూ అయిదే గణుపులు, మీసాలు సన్నగా పొడుగ్గా ఉంటాయి, రాయి ఎత్తగానే పరుగు లంకించుకుంటుంది. మన పురుగు నింపాదిగా నడుస్తుంది, లేదా కాళ్లు ముడుచుకుని చచ్చినట్టు పడుంటుంది. పాదం చివర గణుపు విరిగిపోయిన పురుగును లెక్కబెట్టి అయిదుకు బదులు నాలుగు అనుకోవడం తరచూ జరిగే పొరపాటు. గోళ్లు ఉన్నాయో లేదో ముందు చూసి, రెండు పక్కలా, కనీసం రెండు పురుగుల్లో లెక్కపెట్టండి.

సేకరణలో ఒక్క పురుగుతో పని జరగదు. ఆడా మగా రెండూ ఉండేలా పదైనా కావాలి. జాతి తేలేది ఎక్కువసార్లు మగ పురుగు జననాంగంతోనే. చిన్న ప్లాస్టిక్ సీసాలో వేసి డీప్ ఫ్రీజర్‌లో రెండు రోజులు పెడితే చనిపోతాయి. సగం పురుగులను 70 శాతం ఆల్కహాల్‌లో వేయండి. ల్యాబ్‌లో ఉండే 95 శాతం ఇథనాల్ 74 మిల్లీలీటర్లకు 26 మిల్లీలీటర్ల నీళ్లు కలిపితే 70 శాతం అవుతుంది. డీఎన్‌ఏ కోసం ఒకటి రెండు పురుగులను నీళ్లు కలపని 95 శాతంలో వేసి చల్లగా ఉంచాలి. చేతులకు రాసుకునే శానిటైజర్ జెల్ ఇందుకు పనికిరాదు, పురుగు మీద పొరలా ఎండిపోతుంది.

మిగతా సగాన్ని పిన్ను గుచ్చి ఆరబెట్టండి. పిన్ను కుడి రెక్క పైభాగంలో దిగి మధ్యకాలికీ వెనకకాలికీ నడుమ బయటికి రావాలి. నడిమధ్యన గుచ్చితే రెండు పక్కలా ఉన్న గుర్తులు పాడవుతాయి. కుడివైపు చెడినా ఎడమవైపు మిగలాలన్నదే దీని లోగుట్టు. అయిదు మిల్లీమీటర్లకు చిన్నవాటిని పిన్ను గుచ్చకుండా, కోసుగా కత్తిరించిన అట్టముక్క కొనకు నీళ్లలో కరిగే జిగురుతో అంటించాలి. ఫెవిక్విక్ పెట్టారంటే ఆ పురుగును ఇక ఎవరూ విడదీసి చూడలేరు. కుట్టు పిన్నులు మన ఉక్కకు తుప్పు పడతాయి. వానాకాలంలో పెట్టెలో సిలికా జెల్ పొట్లం వేయకపోతే పది రోజుల్లో బూజు కమ్మేస్తుంది.

చీటీ లేని పురుగుకు విలువ లేదు. ఊరు, అక్షాంశ రేఖాంశాలు, సముద్రమట్టం నుంచి ఎత్తు, తేదీ, ఏ చోట దొరికింది (రాయి కింద, బెరడు కింద, దీపం దగ్గర), ఎవరు పట్టారు, ఇవన్నీ ఉండాలి. జిల్లా పేరు ఒక్కటే రాసి ఊరుకోవద్దు. 2022లో జిల్లాలు మారాయి. అంతకుముందు ‘కృష్ణా జిల్లా’ అని రాసిన చీటీలోని కొండపల్లి ఇప్పుడు ఎన్టీఆర్ జిల్లాలో ఉంది. ‘గుంటూరు జిల్లా’ అని ఉన్న పాత చీటీ నేటి పల్నాడుదో బాపట్లదో చెప్పలేం. అక్షాంశ రేఖాంశాలు అలా మారవు. చీటీని పెన్సిల్‌తో రాసి సీసా లోపల వేయండి. బాల్ పెన్ను సిరా ఆల్కహాల్‌లో కరిగి చీటీ తెల్లబోతుంది, సీసా పైన అంటించిన చీటీ ఊడిపోతుంది. రెండు చోట్ల దొరికినవి ఒకే సీసాలో కలిపేశారా, రెండూ పోయినట్టే.

చూపించడానికి ముందు దగ్గరున్న చోటికి వెళ్లండి: గుంటూరు లాంలోని ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం, బాపట్ల వ్యవసాయ కళాశాల కీటకశాస్త్ర విభాగం. అక్కడ కుటుంబం, ప్రజాతి వరకు తేలొచ్చు. ఆపైన బెంగళూరులోని జాతీయ వ్యవసాయ కీటక వనరుల సంస్థ, కోల్‌కతాలోని జూలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా ఉన్నాయి. పంపేముందు ఉత్తరం రాసి ఒప్పుకున్నాకే పంపండి. ఆల్కహాల్ సీసాలను పోస్టులో తీసుకోరు. ఆరిన పురుగులను దూది పొరల మధ్య గట్టి పెట్టెలో పెట్టి పంపాలి.

అక్కడ జరిగేదేమిటంటే, మగ పురుగు పొట్ట చివరి భాగాన్ని ఊడదీసి 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్‌లో ఒక రాత్రి నానబెడతారు. కండ కరిగిపోయి గట్టి భాగం మిగులుతుంది. త్వరగా తెమలాలని మరిగిస్తే అదీ పారదర్శకమై గీతలు కనబడవు. కడిగి గ్లిజరిన్‌లో పెట్టి, దగ్గరి జాతుల మూల నమూనాలతో, అంటే మొదట పేరు పెట్టినప్పుడు ఆధారంగా తీసుకున్న పురుగులతో, పోలుస్తారు. చిక్కంతా ఇక్కడే ఉంది. మన దేశపు పురుగులకు పాత మూల నమూనాలు చాలావరకు లండన్, బుడాపెస్ట్ లాంటి చోట్ల ఉన్నాయి. హంగేరీ శాస్త్రవేత్త జోల్తాన్ కసాబ్ ఒక్కడే తన జీవితకాలంలో ఈ కుటుంబంలో వేల పేర్లు పెట్టాడు. వాటిని చూడకుండా ‘కొత్తది’ అంటే, రేపు ఎవరో పాత పేరు తవ్వి తీసి మీ పేరు కొట్టేస్తారు.

కొత్తదని తేలితే వర్ణన అచ్చవ్వాలి. జంతువుల పేర్ల అంతర్జాతీయ నియమావళి ప్రకారం ఒక్క పురుగును ‘హోలోటైప్’గా, అంటే ఆ పేరుకు మూల నమూనాగా, ఎంచి, అది ఏ సంగ్రహాలయంలో ఉంటుందో ఆ వ్యాసంలోనే రాయాలి. 2000 సంవత్సరం నుంచి ఇది తప్పనిసరి. 2012 నుంచి ఆన్‌లైన్ పత్రికలో మాత్రమే వచ్చే వర్ణనలూ చెల్లుతున్నాయి, కాకపోతే ముందుగా ‘జూబ్యాంక్’ అనే జంతువుల పేర్ల ఆన్‌లైన్ చిట్టాలో నమోదు చేయించాలి. మన దేశపు జీవవైవిధ్య చట్టం 2002, సెక్షన్ 39 ప్రకారం కొత్త జీవజాతి నమూనాను ప్రభుత్వం గుర్తించిన భాండాగారంలో జమ చేసి తీరాలి. ఇంకొక్క మాట: రిజర్వు అడవిలోకి వెళ్లి పట్టాలంటే అటవీ శాఖ అనుమతి ముందే తీసుకోండి. అనుమతి లేకుండా పట్టిన పురుగు మీద వ్యాసం రాస్తే మంచి పత్రికలు తిప్పి పంపుతాయి.

ప్రశ్న: నమీబ్ ఎడారి పురుగు వీపు మీద మంచు నీళ్లు పట్టుకుంటుందని పాఠ్యపుస్తకంలో ఉంది. నిజమేనా? (కొరిటెపాడు, గుంటూరు)

జవాబు: నిజమే. సముద్రం మీంచి పొగమంచు వచ్చిన వేకువన ఓనిమాక్రిస్ అంగ్విక్యులారిస్ అనే పురుగు ఇసుక దిబ్బ అంచుకెక్కి, తల కిందికి పెట్టి వెనక భాగం పైకెత్తి నిలబడుతుంది. వీపు మీద చేరిన బొట్లు నోటి దాకా జారతాయి. 1976లో హామిల్టన్, సీలీ అనే పరిశోధకులు దీన్ని అచ్చులో పెట్టారు. 2001లో ఇంకో ప్రసిద్ధ వ్యాసం వీపు మీది బుడిపెల గురించి వచ్చింది. నీళ్లు పట్టే వలలు, పూతలు తయారుచేసేవాళ్లంతా దాన్నే చెప్పుకుంటారు. అందులో పురుగు పేరు స్టెనోకారా అని పడింది. నమీబ్‌ను ఎరిగినవాళ్లు ఆ బొమ్మ చూసి అది స్టెనోకారా కాదన్నారు. అయినా ఆ పేరే పాఠ్యపుస్తకాల దాకా పాకింది.

ప్రశ్న: బియ్యప్పిండి, శనగపిండి, ఉప్మా రవ్వ అన్నిట్లో ఎర్ర పురుగులు. మూత గట్టిగా పెట్టినా ఎలా వస్తున్నాయి? వేపాకు, లవంగాలు వేసినా లాభం లేదు. జల్లించి వాడుకోవచ్చా? (సత్యనారాయణపురం, విజయవాడ)

జవాబు: ఇది ట్రైబోలియం కాస్టానియం, ఎర్ర పిండి పురుగు. పొడవు మూడు నాలుగు మిల్లీమీటర్లు, బల్లపరుపు, ఎరుపు గోధుమ రంగు. బయటి నుంచి డబ్బాలో దూరడం తక్కువ. ఎక్కువసార్లు పిండితోనే ఇంటికి వస్తుంది. ఆడ పురుగు 300 నుంచి 500 గుడ్లు విడివిడిగా పెడుతుంది. గుడ్డుకు జిగురు ఉండి పిండి రేణువులు అంటుకుంటాయి కాబట్టి కంటికి కనబడదు. 30 నుంచి 35 డిగ్రీల వేడిలో నెల రోజుల్లో గుడ్డు పెద్ద పురుగవుతుంది. మన వంటింట్లో ఏడాదిలో ఎక్కువ రోజులు ఆ వేడే కదా. పెద్ద పురుగు ఏడాదికి పైగా బతుకుతుంది.

మర దగ్గర ఒక సంగతి గమనించండి. పిండి పడే గుడ్డ గొట్టం మడతల్లో, తొట్టి మూలల్లో ముందు రోజుల పిండి అంటుకుని ఉంటుంది. మీ గింజలు శుభ్రమైనా మొదట పడే పిండితో పాటు అందులోని గుడ్లూ వస్తాయి. గొట్టం దులిపించి, మొదటి గుప్పెడు వేరే తీసి పారేయండి.

ఇంటికి తెచ్చాక ఉప్మా రవ్వను దోరగా వేయించి, పూర్తిగా చల్లారాక డబ్బాకెత్తండి. వేడి మీద మూత పెడితే లోపల చెమ్మ పట్టి బూజొస్తుంది. బియ్యప్పిండి, శనగపిండి కిలో చొప్పున ప్యాకెట్లు కట్టి మైనస్ 18 డిగ్రీల డీప్ ఫ్రీజర్‌లో వారం ఉంచండి. నాలుగు రోజులు చాలంటారు గానీ కిలో ప్యాకెట్ నడిమధ్య దాకా చలి చేరడానికే ఒక రోజు పడుతుంది. బయటికి తీశాక ప్యాకెట్ విప్పకుండా గది వేడికి రానివ్వండి, లేకపోతే పిండికి తేమ పడుతుంది. మామూలు ఫ్రిజ్ చలి పురుగును నిద్రపుచ్చుతుందే తప్ప చంపదు.

డబ్బా మూత మరలో, అలమర మూలల్లో అర చెంచా పిండి మిగిలినా మళ్లీ మొదటికొస్తుంది. పాత పిండి మీద కొత్త పిండి పోయడం మానేయండి. డబ్బా కడిగి ఎండలో ఎముక ఆరినట్టు ఆరాకే నింపండి. వేపాకు, లవంగాలు, బిర్యానీ ఆకు డబ్బాలో ఉన్న పురుగును చంపవు. బోరిక్ పౌడర్ గింజలకు పట్టించే అలవాటు కొన్ని ఇళ్లలో ఉంది. పిండికి మాత్రం ఎన్నడూ వద్దు, దాన్ని కడిగి తీయలేం. ధాన్యం గోదాముల్లో పెట్టే అల్యూమినియం ఫాస్ఫైడ్ మాత్రలను ఇంట్లో పెట్టడమంటే ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే. వాటి వాయువుతో నిద్రలోనే మనుషులు పోయారు.

జల్లించడం గురించి: రెండు మూడు పురుగులు కనబడి వాసన మామూలుగా ఉంటే జల్లించి, వెంటనే వండుకోవచ్చు, దాచకూడదు. పిండికి గులాబీ చాయ తిరిగి ఘాటైన మందు వాసన వస్తే పారేయండి. ఆ పురుగు వదిలే క్వినోన్లు అనే రసాయనాల వాసన అది, వండినా పోదు. పురుగు పట్టిన బియ్యంలో ఈ ఎర్ర పురుగు కనబడితే నూకలు ఎక్కువున్నాయని అర్థం. నిండు గింజను తొలిచే దవడ దీనికి లేదు. ముక్కు పురుగు తొలిచాక, లేదా గింజ విరిగాక ఇది చేరుతుంది. నూకలు చెరిగేసి, బియ్యంలో తేమ 12 శాతం లోపు ఉంచితే సగం బాధ తీరుతుంది.

ప్రశ్న: కోల్డ్ స్టోరేజీలో పెట్టని పసుపు కొమ్ములకు గుండ్రటి బెజ్జాలు పడ్డాయి. ఎర్రటి చిన్న పురుగులున్నాయి. పిండి పురుగేనా? (దుగ్గిరాల)

జవాబు: కాదు. పసుపునూ ఎండుమిరపనూ తొలిచేది సిగరెట్ పురుగు, లాసియోడెర్మా సెరికోర్న్. అది వేరే కుటుంబం. రెండు మూడు మిల్లీమీటర్లుంటుంది, గూనిగా ఉంటుంది, పైనుంచి చూస్తే తల కనబడదు. పిండి పురుగు బల్లపరుపుగా ఉండి తల ముందుకు కనబడుతుంది. సంచి అడుగున రాలిన పసుపు పొడిలో పిండి పురుగూ ఉండొచ్చు, బెజ్జం చేసింది మాత్రం అది కాదు. ఉడికించిన కొమ్ములు విరిస్తే టక్కున శబ్దం వచ్చేదాకా ఎండబెట్టి, పాత గోనె సంచులు వాడకుండా, చెక్క దిమ్మెల మీద గోడకు ఎడంగా పేర్చండి.

ప్రశ్న: బ్రాయిలర్ షెడ్డులో ఊక కింద నల్ల పురుగులు కుప్పలుగా ఉన్నాయి. మందు కొట్టినా కొత్త బ్యాచ్ రాగానే మళ్లీ వస్తున్నాయి. (నూజివీడు)

జవాబు: ఇవే ఆల్ఫిటోబియస్ డయాపెరినస్. ఆరు మిల్లీమీటర్ల మెరిసే నలుపు. ఒక ఆడ పురుగు జీవితకాలంలో రెండు వేల దాకా గుడ్లు పెట్టగలదు. పిల్లలు మేత వదిలి వీటిని ఏరుకు తింటాయి, బరువు తగ్గుతాయి. సాల్మొనెల్లా అనే జబ్బు బాక్టీరియా ఒక బ్యాచ్ నుంచి ఇంకో బ్యాచ్‌కు దాటడానికి, బద్దె పురుగు వ్యాపించడానికి ఇవీ ఒక దారి.

మీరు మందు కొట్టే వేళ తప్పుతోంది. కోళ్లు వెళ్లిపోయాక షెడ్డు చల్లబడుతుంది. పురుగులు రెండు మూడు రోజుల్లో ఊక వదిలి గోడ పగుళ్లలోకి, మట్టి నేలలోకి దిగిపోతాయి. ఊక ఎత్తేసి, కడిగి, వారం తర్వాత కొడితే మందు పడేది ఖాళీ నేల మీద. కోళ్లను ఎత్తిన రోజునే, ఊక ఇంకా వెచ్చగా ఉండగా, గోడల అడుగున మీటరు ఎత్తు వరకు, స్తంభాల చుట్టూ, ఫీడర్ల వరుస కింద కొట్టాలి. మర్నాటికి ఊక బయటికి పోవాలి. ప్రతి బ్యాచ్‌కూ ఒకే వర్గం మందు వద్దు. పైరెత్రాయిడ్లకు ఈ పురుగు తట్టుకోవడం చాలా దేశాల్లో కనబడింది. మోతాదు లేబుల్ ప్రకారమే, కోళ్లు లోపల ఉండగా వద్దు.

తీసిన ఊకను పొలంలో పరిచేయకండి. అక్కడి నుంచి ఎగిరి ఊరి దీపాలకు చేరతాయి, తగాదాలొస్తాయి. కుప్ప పోసి టార్పాలిన్ కప్పండి. లోపల 55 డిగ్రీలు దాటితే అన్నీ చస్తాయి. కానీ పై పొర చల్లగా ఉంటుంది కాబట్టి పురుగులు అక్కడికి జరుగుతాయి. అయిదారు రోజులకు లోపలిది బయటికి, బయటిది లోపలికి తిరగేసి మళ్లీ కప్పాలి. ఈ తిరగేయడం మానేసినవాళ్లే ‘కుప్ప పోసినా పోలేదు’ అంటారు.

నేల మట్టిదైతే లార్వాలు అందులోకి దిగి ప్యూపాలవుతాయి. సిమెంటు చేయించి పగుళ్లు పూడ్చండి. డ్రింకర్ల కింద తడి ఊక ఎప్పటికప్పుడు మార్చండి. పురుగు తగ్గిందో లేదో చూడ్డానికి రెండంగుళాల పీవీసీ గొట్టాన్ని అడుగు పొడవు కోసి, లోపల గాడుల అట్ట చుట్టి పెట్టి, గోడల వెంట ఆరు చోట్ల ఊక మీద ఉంచండి. వారానికోసారి దులిపి లెక్క రాసుకుంటే మందు పనిచేసిందో లేదో అంకెల్లో తెలుస్తుంది.

ప్రశ్న: తొలకరి వానకు దీపం చుట్టూ నల్ల పురుగులు మూగుతున్నాయి. మా పాపకు మెడ మీద పొక్కులు లేచాయి. ఈ పురుగులేనా? (తాడేపల్లి)

జవాబు: పొక్కులు లేపేది పీడెరస్ అనే రోవ్ పెంకు పురుగు. సన్నగా చీమలా ఉంటుంది, ఒళ్లు నారింజ, నలుపు పట్టీలు, రెక్కలు పొట్టిగా నీలం మెరుపుతో ఉంటాయి. కుట్టదు. మన చేత్తో నలిపితే కారే రసమే చర్మాన్ని కాలుస్తుంది. ఒంటి మీద వాలితే నలపకుండా ఊదేయండి, తాకిన చోట వెంటనే సబ్బుతో కడగండి. పొక్కులు కళ్ల దగ్గర ఉంటే డాక్టరుకు చూపించండి. టెనెబ్రియోనిడే పురుగులు దీపానికి రావడం ఉంది. పొగాకు నాట్లను మొదలంటా కొరికే మెసోమోర్ఫస్ విల్లిగర్ అలాంటిదే. నలిపితే చెడ్డ వాసన కొడతాయి గానీ మామూలుగా ఇలా పొక్కులు లేపవు. తెల్ల దీపం తీసి పసుపు ఎల్ఈడీ పెడితే రెండు రకాలూ తగ్గుతాయి.

ప్రశ్న: పెంపుడు పక్షులకు, చేపలకు మీల్‌వార్మ్‌లు పెంచాలనుకుంటున్నాం. ఎండాకాలంలో బతకడం లేదు. (భవానీపురం, విజయవాడ)

జవాబు: టెనెబ్రియో మోలిటర్ చలి దేశాల పురుగు. దానికి నచ్చేది 25 నుంచి 28 డిగ్రీలు. 35 దాటితే గుడ్లు, లార్వాలు రాలిపోతాయి. మే నెలలో డాబా మీది గదిలో పెంచడం కుదరదు. కింది అంతస్తులో ఉత్తరం గది, లేదా మేలో పెంపకం ఆపేయడం, ఈ రెండే దారులు.

నున్నటి గోడల ప్లాస్టిక్ ట్రే, 60 సెంటీమీటర్ల పొడవు, 40 వెడల్పు, 15 లోతు తీసుకోండి. గోధుమ తవుడు అయిదు సెంటీమీటర్ల మందం పోయండి, రెండున్నర కిలోలు పడుతుంది. తవుడును ముందు వారం రోజులు డీప్ ఫ్రీజర్‌లో పెట్టాలి. పెట్టకపోతే దానితో వచ్చిన ఎర్ర పిండి పురుగు మీ ట్రేని ఆక్రమిస్తుంది, ఆ తర్వాత రెండింటినీ వేరు చేయలేరు. 400 పెద్ద పురుగులను వదిలి, పది రోజులకోసారి జల్లించి కొత్త ట్రేలోకి మార్చండి. గుడ్లు పాత తవుడులోనే ఉండిపోతాయి. వారం పది రోజుల్లో పొదుగుతాయి. లార్వా ఎదగడానికి రెండున్నర, మూడు నెలలు. ప్యూపాలను ఏరి వేరే డబ్బాలో వేయండి, కలిపి ఉంచితే లార్వాలు వాటిని కొరికేస్తాయి.

తేమ కోసం క్యారెట్ చక్రాలు పెట్టి మర్నాడు మిగిలినవి తీసేయండి. నీళ్లు చల్లితే తవుడు ముద్దకట్టి, బూజు, ఆ వెంటే తెల్ల దుమ్ములా పేలు (మైట్లు) వస్తాయి. అప్పుడు ఆ ట్రే పారేయడమే. బల్ల కాళ్ల కింద సబ్బునీళ్ల గిన్నెలు పెడితే చీమలు ఎక్కవు. సూపర్‌వార్మ్ అనే జోఫోబాస్‌ను పెంచేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి: గుంపులో ఉన్నంతకాలం అది ప్యూపా కాదు. ఒక్కొక్కదాన్ని చిన్న డబ్బాలో విడిగా పెట్టాలి.

రొయ్యలు పడనివాళ్లు ఈ పని చేయకండి. రొయ్యలో ఉండే ట్రోపోమయోసిన్ అనే ప్రోటీన్‌కు దగ్గరిదే ఈ పురుగులోనూ ఉంది. తవుడు దుమ్ముకు ఉబ్బసం రేగేవాళ్లున్నారు, మిగతావాళ్లూ జల్లించేటప్పుడు ముక్కుకు మాస్కు కట్టుకోండి. మిగిలిన పురుగులను కాలవలోనో పెరట్లోనో వదలకండి, మూడు రోజులు డీప్ ఫ్రీజర్‌లో పెట్టి ఆ తర్వాత చెత్తలో వేయండి.